పరిశోధకుడి పేపర్ల జాబితాలో ముందు ఏం చూడాలి?

మీరు తిరుపతిలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తిచేశారు. పీహెచ్‌డీకి ఒక ప్రొఫెసర్‌గారి దగ్గర చేరాలనుకుంటున్నారు. ఆయన పేరు మీద వందకు పైగా పేపర్లు కనిపిస్తున్నాయి, వాటిలో చాలావాటికి ఆసుపత్రి డాక్టర్లూ విదేశీ పరిశోధకులూ సహరచయితలు. దీన్నిబట్టి ఆయన పని ఎలాంటిదో ఎలా అంచనా వేయాలని అడిగారు. నేను ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు ఊళ్లోనే ఆసుపత్రి శాంపిల్స్ మీద జరిగే ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నాను. నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: ఆయన ఎన్ని రాశారన్నది పక్కన పెట్టి, ఎవరితో కలిసి రాశారు, ఆ పొత్తు ఎన్నేళ్లు నిలిచింది, అందులో ఆయన ల్యాబ్ చేసిన పని ఏమిటి అన్నది చూడండి.

అసలు ఆ పేపర్లన్నీ ఆయనవేనా అన్నది ముందు తేల్చుకోవాలి. వైద్య, జీవశాస్త్ర పేపర్లను ఆన్‌లైన్‌లో వెతికే పబ్‌మెడ్‌లో రచయితను ఇంటిపేరు, పొడి అక్షరాలతో వెతుకుతాం. మన వైపు పేర్లు ఈ పద్ధతిలో సరిగా ఇమడవు. ఒకే మనిషి ఒక పేపర్లో ‘రెడ్డి పి’గా, ఇంకో పేపర్లో అసలు పేరే ఇంటిపేరైపోయి వేరే మనిషిగా కనబడతాడు. ‘రెడ్డి పి’ అని కొడితే మన జిల్లావాళ్లే కాక ఎక్కడెక్కడివాళ్లో కలిసి వస్తారు. 2012లో మొదలైన ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య, అంటే ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే 16 అంకెల నంబరు, ఈ చిక్కు కోసమే వచ్చింది. ఆయనకు అది ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. లేకపోతే ప్రతి పేపర్లో పేరు కింద ఉన్న సంస్థ చిరునామానూ సహరచయితలనూ చూసి వేరు చేయాలి. ఒక సాయంత్రం పట్టే పనే అయినా ఇది వదిలేయకండి.

బయోమెడికల్ పేపర్లలో సాధారణంగా మొదటి పేరు ప్రయోగాలు ఎక్కువగా చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. మీ ప్రొఫెసర్‌గారి పేరు చివర ఉన్న పేపర్లను విడిగా తీసి, వాటిలో మొదటి పేర్లు ఎవరివో చూడండి. ఆయన స్కాలర్ల పేర్లు వరుసగా మొదటి స్థానంలో కనబడుతుంటే ఆ ల్యాబ్‌లో పిల్లలకు చోటు ఉందని అర్థం. ఆయన పేరు ఎప్పుడూ ఇరవై పేర్ల మధ్యలో ఎక్కడో ఉంటే, ఆ పేపర్లలో ఆయన భాగం ఒక పరీక్షో ఒక విశ్లేషణో అయి ఉండవచ్చు. అది తప్పు కాదు, కానీ మీ థీసిస్‌కు అది పునాది కాదు.

సైటేషన్ల లెక్కను, అంటే ఒక పేపర్‌ను ఇతర పేపర్లు ఎన్నిసార్లు ప్రస్తావించాయన్నదాన్ని, 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్‌ను (కనీసం ఇరవయ్యేసి సైటేషన్లున్న పేపర్లు ఇరవై ఉంటే అది 20) నేను చివరికి చూస్తాను. ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద లౌరీ, ఆయన సహచరులు 1951లో రాసిన పేపర్‌కు మూడు లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అది అందరికీ పనికొచ్చే పద్ధతి కాబట్టి వచ్చాయి. అరుదైన జబ్బు మీద ఎంత లోతైన పని చేసినా అందులో వందో వంతు కూడా రాకపోవచ్చు.

పేర్ల జాబితా ఏం చెబుతుంది, ఏం దాస్తుంది అన్నది తెలియాలంటే యల్లాప్రగడ సుబ్బారావు గారి పని చూడండి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. మీరు ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేసే ఉంటారు: ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, రంగు తెప్పించే ఆన్సా రీయేజెంట్ వేస్తే ద్రావణం మెల్లగా నీలంగా మారుతుంది, 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకుంటాం. ఆ నీలం రంగును నమ్ముకునే వాళ్లిద్దరూ 1927లో కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. ఒక కొలత పద్ధతి, దాని మీద ఒక ఆవిష్కరణ, రెండింటి మీదా అవే రెండు పేర్లు: నిజమైన సహకారం కాగితం మీద ఇలా కనబడుతుంది.

ఆయన తర్వాతి జీవితం మాత్రం వేరు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాక ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రచురించారు. క్యాన్సర్ చికిత్స చరిత్రలో మలుపులాంటి ఆ పేపర్‌కు అయిదుగురు రచయితలు, వారిలో సుబ్బారావు గారు లేరు. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. పేర్ల జాబితా ఒక్కటే చూసేవారికి ఆయన భాగం ఎప్పటికీ కనబడదు. నాకు ఇది ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఇక మన ఊరి సంగతి. తిరుపతికి ఉన్న గొప్ప వసతి ఏమిటంటే, 1954లో ఏర్పడిన ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ, రుయా ఆసుపత్రి అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, 2015లో వచ్చిన కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్ కూడా అంత దూరమేమీ కాదు, ఏర్పేడు దగ్గర ఉంది. రోగులు ఒకచోట, పరికరాలు ఇంకోచోట ఉన్నా శాంపిల్ ఐసు పెట్టెలో చేరిపోతుంది. ఇలాంటి పేపర్ దొరికితే దాని ‘పద్ధతులు’ భాగం చదవండి. ఎథిక్స్ కమిటీ ఆమోదం ఏ సంస్థది, రోగుల సమ్మతి ఎవరు తీసుకున్నారు, పరీక్షలు ఎక్కడ జరిగాయి అన్నవి అక్కడ స్పష్టంగా ఉండాలి. శేషాచలం కొండల మొక్కల మీద చేసిన పేపరైతే, మొక్కను గుర్తించిన బోటనీవారు ఎవరో, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట) దాచిన నమూనా నంబరు ఉందో లేదో చూడండి. ఆ నంబరు లేకపోతే, ఎలుకలకు ఇచ్చిన కషాయం ఏ మొక్కదో ఇంకొకరు సరిచూసుకునే వీలుండదు. నేనైతే అలాంటి పేపర్‌ను లెక్కలోకి తీసుకోను.

నాతో చదువుకున్న ఒక స్నేహితురాలికి జరిగింది కూడా చెప్పాలి. ఒక ఆసుపత్రి బృందం కోసం ఆమె నెలల తరబడి ఎలైసా పరీక్షలు (శాంపిల్‌లో ప్రొటీన్లలాంటి వాటిని కొలిచేవి) చేసి, ఫలితాలను విశ్లేషించి, పట్టికలు కూడా తయారుచేసి ఇచ్చింది. పేపర్ అచ్చయ్యాక చూస్తే ఆమె పేరు చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యంలో ఉంది. పని మొదలయ్యే ముందు ఎవరూ ఏమీ రాసుకోలేదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం ప్రకారం రచయిత కావాలంటే నాలుగూ ఉండాలి: పరిశోధన రూపకల్పనలోనో డేటా సేకరణ, విశ్లేషణల్లోనో గట్టి భాగం, పేపర్ రాయడంలోనో దిద్దడంలోనో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీ. మొదటిది చేసినవారికి మిగతా మూడింటికీ అవకాశం ఇవ్వాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఆమెకు డ్రాఫ్ట్ చూపించనే లేదు. అదే నిబంధనల ప్రకారం నిధులు తెచ్చినంత మాత్రాన, విభాగాధిపతి అయినంత మాత్రాన ఎవరూ రచయిత కారు.

విదేశీ పేర్ల గురించి క్లుప్తంగా: ఒకే విదేశీ ల్యాబ్‌తో అయిదారేళ్ల వ్యవధిలో మళ్లీ మళ్లీ పేపర్లు వచ్చి, స్కాలర్లు అక్కడికి వెళ్లివచ్చిన ఆనవాళ్లు కనబడితే అది గట్టి సంబంధం. పేపర్‌కో దేశం చొప్పున, ఒక్కసారి కనబడి మాయమయ్యే పేర్లయితే కాస్త ఆగి ఆలోచించండి. విదేశీ సంస్థలతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టులను మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా పరిశీలిస్తుంది. ఆ అనుమతి గురించి ప్రొఫెసర్‌గారిని అడగడం అమర్యాదేమీ కాదు.

చేరే ముందు ఆయన పాత స్కాలర్లలో కనీసం ఇద్దరితో మాట్లాడండి, వారిలో ఒకరు ఊరు వదిలి వెళ్లినవారైతే మంచిది. తర్వాత ప్రొఫెసర్‌గారినే నేరుగా, వినయంగా అడగండి: “సార్, నా పనికి శాంపిల్స్ ఎవరు ఇస్తారు? డేటా ఎవరి దగ్గర ఉంటుంది? డాక్టర్లతో కలిసి రాసే పేపర్లో నా పేరు ఎక్కడ ఉంటుందో ముందే రాసుకోవచ్చా?” నేను పనిచేసినవాళ్లలో మంచి గైడ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోలేదు. ఒకరైతే అప్పటికప్పుడే తెల్లకాగితం తీసి రాసి, ఆసుపత్రి డాక్టరుగారి చేత కూడా సంతకం పెట్టించి ఇచ్చారు.