కన్యాశుల్కంలో ఆడపాత్రలను ఈ కాలానికి తగ్గట్టు మార్చి వెయ్యాలా?

గురజాడ వారి కన్యాశుల్కం నాటకం ఇప్పుడు వేస్తే ఆడపాత్రల తీరు చూసి కుర్రకారు నొచ్చుకోరా, కాస్త మార్చి రాసుకోవచ్చా అని అడిగారు. నొచ్చుకుంటారు. కానీ మీరనుకునే చోట కాదు.

వేశ్య మధురవాణితో ఎవరికీ పేచీ లేదు. 1897 నాటి తొలి కూర్పు కంటే 1909 కూర్పులో గురజాడ ఆ పాత్రను బాగా పెంచారు. 1955 సినిమాలో సావిత్రి వేశాక ఇక చెప్పేదేముంది! వేశ్యల మొహం చూడనని పంతం పట్టిన వకీలు సౌజన్యారావు పంతులి ఇంటికి మగవేషంలో వెళ్ళి ఆయన్నే ఇరుకున పెట్టే సీనుకి ఇప్పటికీ చప్పట్లే. చిక్కంతా చిన్నవయసులోనే వితంతువైన బుచ్చమ్మతో.

మా ఔత్సాహిక బృందంలో ఆ వేషం నేనే వేసేదాన్ని. డైరెక్టరు గారు చెప్పింది ఒకటే: "కళ్ళు పెద్దవి చేసుకుని వినమ్మా, చాలు." ఆమెని వలలో వేసుకోవాలని మాటకారి గిరీశం వితంతు వివాహాల గురించి ఊదరగొట్టడం, నేనలా వినడం, హాలు గొల్లుమనడం. చాలా ఏళ్ళు అలాగే నడిచింది. తర్వాత ఒక కాలేజీలో వేస్తే అదే సీనుకి ఒక్క నవ్వు లేదు. గిరీశం వేసినాయన కంగారుపడి గొంతు పెంచాడు, చేతులు తిప్పాడు, ఊహూఁ. వింగులోకి రాగానే "ఇదేం ఆడియన్సండీ, రాళ్ళు!" అన్నాడు. రాళ్ళేం కాదు. మాటకారి ఒకడు దిక్కులేని పిల్లని బుట్టలో వేస్తుంటే వాళ్ళకి నవ్వు రాలేదు, అంతే.

అప్పుడు పుస్తకం తీసి మళ్ళీ చదివాను. బుచ్చమ్మ నోరులేని పిల్ల కానే కాదు. తమ్ముడు వెంకటేశం చదువు ఖర్చు మీద ఇంట్లో రభస జరుగుతుంటే, తమ్ముడి మీద కోపముంటే నా భూములకి అత్తవారివ్వాల్సిన రూపాయలు పెట్టి చదివించండి అంటుంది తండ్రితో. ఎదురుగా ఉన్నదెవరు, ముక్కోపి అగ్నిహోత్రావధాన్లు! తనకి రావలసిందేమిటో ఎరిగిన పిల్ల అన్నమాట. మా స్క్రిప్టులో ఆ మాటే లేదు. నాటకం మొత్తం ఒక పూటలో వెయ్యలేం, కత్తిరించక తప్పదు, ఒప్పుకుంటాను. అయితే గిరీశం డైలాగు ఒక్కటి పోతే జనం ఊరుకోరు, "డామిట్" కోసమే వచ్చేవాళ్ళుంటారు. బుచ్చమ్మ తల్లి వెంకమ్మవి, ఇంకో వితంతువు మీనాక్షివి ఎన్ని మాటలు పోయినా అడిగే నాథుడుండడు. రామప్పంతులు పెళ్ళాడతానని ఆశపెట్టి మీనాక్షిని వదిలించుకునే ఘట్టం మా ప్రదర్శనలో రెండు జోకులుగా మిగిలింది.

(మన గొడవల వరసా అంతే. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించినప్పుడు రగడ అందులోని వైశ్యుడు సుబ్బిశెట్టి పాత్ర గురించి, వేశ్య చింతామణి పాత్ర గురించి కాదు.)

అందుకని కొత్తగా ఏమీ రాయకండి, తీసేసినవి వెనక్కి పెట్టండి. మేం అలాగే చేశాం. గిరీశం లెక్చర్లు కాస్త తగ్గించి బుచ్చమ్మ మాటలు పెట్టుకున్నాం. నాటకం అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, "బుచ్చమ్మని గడుసుదాన్ని చేశారేమిటమ్మా?" అన్నారు. గురజాడ వారు రాసిందే బాబాయిగారూ అంటే నమ్మలేదు. మీకూ ఈ మాట తప్పదు, 1909 కూర్పు ఒకటి చేతిలో ఉంచుకోండి.