పళ్ల వెనీర్లకు ఈఎంఐ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. వయసు 26. హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు చేతికి రూ.42,000 వస్తుంది. అద్దె, ఖర్చులు రూ.24,000. ఇంటికి రూ.6,000 పంపుతాను. పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) 20 నెలలుగా రూ.4,000 కడుతున్నాను. పొదుపు ఖాతాలో రూ.55,000 ఉన్నాయి. ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ముందు పళ్ల మీద గోధుమ రంగు గార పట్టింది. ఏడు నెలల్లో పెళ్లి. పై వరుసలో 8 పళ్లకు పింగాణీ వెనీర్లు (పంటి ముందు వైపు అతికించే పలుచని రేకులు) వేస్తే సరిపోతుందని క్లినిక్‌లో చెప్పారు. ఒక్కోదానికి రూ.14,000, మొత్తం రూ.1,12,000. ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తారట. లేదంటే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే వాయిదాలు), 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు. ఆరోగ్య బీమాలో వస్తుందా? ఆర్‌డీ తీసేయనా, ఈఎంఐ తీసుకోనా?

జవాబు: నలుగురిలో నోరు విప్పి నవ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి రావడం చిన్న బాధేమీ కాదు. ఆ ప్రాంతంలో పెరిగినవాళ్లకు అది బాగా తెలుసు. కాబట్టి మీరు పెట్టబోయేది దుబారా అనుకోవద్దు. కానీ ఈఎంఐ వద్దు. ఎనిమిది వెనీర్లకు కూడా ఇప్పుడే ఒప్పుకోవద్దు.

ముందు బీమా సంగతి. సాధారణ ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసే చికిత్సలకు మినహాయింపు ఉంటుంది. పంటి చికిత్సకైతే ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప డబ్బు రాదు. గార నీళ్ల వల్ల వచ్చిందని రాసిచ్చినా క్లెయిం నిలవదు. మీ ఆఫీసు గ్రూపు పాలసీలో డెంటల్ ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పంటి చికిత్స) ఉంటే పళ్లు క్లీన్ చేయించుకోవడానికి, పుచ్చు పళ్లు నింపించుకోవడానికి పనికొస్తుంది. వెనీర్లకు ముందు ఆ రెండూ ఎలాగూ చేయించుకోవాలి కాబట్టి హెచ్‌ఆర్‌ను అడగండి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. నగదుకు మీ బిల్లు రూ.1,00,800. ఈఎంఐలో రూ.9,333 చొప్పున 12 నెలలు, అంటే రూ.1,12,000 కడతారు. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు రూ.2,240, ఆ ఫీజుపై 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.2,643. వదులుకున్న డిస్కౌంటు, ఫీజు రెండూ కలిపితే దాదాపు రూ.13,800 అదనం. తీర్చాల్సిన అప్పు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఇది ఏడాదికి సుమారు 25 శాతం వడ్డీతో సమానం. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి ప్రతి అప్పుకూ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. అందులోని ఏపీఆర్‌లో, అంటే ఏడాదికి పడే మొత్తం ఖర్చు రేటులో, ఫీజు లెక్కకొస్తుంది, మీరు వదులుకున్న డిస్కౌంటు రాదు. అందుకే కాగితం మీద రేటు చాలా తక్కువగా కనిపిస్తుంది.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ అప్పు తీసుకునే తీరు. రిసెప్షన్ బల్ల దగ్గర పది నిమిషాల్లో ఆధార్ ఓటీపీ అడుగుతారు, ఫోన్‌లో ఈ-నాచ్‌కు, అంటే వాయిదా మీ బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కోసుకునే ఏర్పాటుకు, ఒప్పుకోమంటారు. అప్పిచ్చేది క్లినిక్ కాదు, ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ. పని మొదలుకాకముందే మొత్తం సొమ్ము క్లినిక్ ఖాతాకు వెళ్లిపోతుంది. రంగు నచ్చకపోయినా, డాక్టర్ మారిపోయినా, క్లినిక్ మూతపడినా వాయిదా ఆగదు. ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతినేది మీదే. డిజిటల్ అప్పును కనీసం ఒక రోజులోపు వెనక్కిచ్చేసే అవకాశం ఉంటుంది, ఆ గడువు ఎంతో పత్రంలోనే చూసుకోవచ్చు. పైగా మీ చేతిలో నెలకు మిగిలేది రూ.8,000, వాయిదా రూ.9,333. మొదటి నెల నుంచే పొదుపు ఖాతా తరగడం మొదలవుతుంది. పెళ్లయ్యాక కూడా ఐదు వాయిదాలు మిగిలే ఉంటాయి.

ఎనిమిదికి ఎందుకు తొందరపడొద్దంటున్నానో చెబుతాను. వెనీర్ అంటే అర మిల్లీమీటరు అటూఇటూ మందమున్న పింగాణీ రేకు. దాన్ని అతికించడానికి పంటి పైపొరను అంతే మేర అరగదీస్తారు. ఆ ఎనామిల్ మళ్లీ పెరగదు. కాబట్టి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం ఆ పంటిపై ఏదో ఒకటి ఉండాల్సిందే. బాగా చేసినవి 10–15 ఏళ్లు వస్తాయి. 26 ఏళ్లకు మొదలుపెడితే 70 వచ్చేలోగా కనీసం మరో రెండు మూడు సార్లు మార్పించాలి. ఏడాదికి 7 శాతం చొప్పున ధర పెరిగితే, నేటి రూ.1,12,000 పని 12 ఏళ్ల తర్వాత దాదాపు రూ.2.5 లక్షలవుతుంది. మీకిచ్చిన కొటేషన్ మొదటి విడతకే.

ఫ్లోరైడ్ గార విషయంలో ఇంకో చిక్కుంది. వెనీర్ అతికించేముందు పంటిని యాసిడ్‌తో గరుకు చేస్తారు. ఆ పళ్ల పైపొర యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు, అందుకే జిగురు పట్టు కొన్నిసార్లు బలహీనంగా ఉంటుంది. ముదురు మరక కనబడకుండా కప్పాలంటే పింగాణీ మందంగా ఉండాలి, పన్ను ఇంకా ఎక్కువ అరగదీయాలి. అందుకని మరకను ముందు వీలైనంత పలచబరచడం పంటికీ మంచిది, పర్సుకూ మంచిది. మైక్రోఅబ్రేషన్ అని ఒక పద్ధతి ఉంది. యాసిడ్ కలిపిన పేస్టుతో పైపొర మరకను రుద్ది తీస్తారు, ఆ తర్వాత బ్లీచింగ్ చేస్తారు. గార తేలిక నుంచి మధ్యస్థంగా ఉంటే ఈ రెండింటితోనే పని పూర్తయిపోవచ్చు. పళ్ల మీద గుంటలు పడి ఉంటే మాత్రం సరిపోదు. పింగాణీ తర్వాత తెల్లబడదు కాబట్టి బ్లీచింగ్ ఎప్పుడైనా ముందే చేయించాలి. అది అయ్యాక కనీసం రెండు వారాలు ఆగితే జిగురు గట్టిగా పడుతుంది, రంగు కూడా నిలకడకు వస్తుంది.

గార పుచ్చులా పక్క పంటికి పాకదు, నాలుగు నెలలు ఆగినా మీకు నష్టం లేదు. ఈ నెలలోనే ప్రభుత్వ దంత వైద్యశాలలోనో, ఏదైనా దంత వైద్య కళాశాలలోనో రెండో అభిప్రాయం తీసుకోండి. నార్కట్‌పల్లిలోనూ కళాశాల ఉంది. ఫీజు బయటికంటే బాగా తక్కువ, కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి. అక్కడ ఒక్కటే అడగండి: కోర పళ్లు, వాటి పక్క పళ్లు బ్లీచింగ్‌తో తేలితే, మధ్యలో ఉన్న నాలుగు పళ్లకు మాత్రమే వెనీర్లు వేసి రంగు కలపగలరా?

కలుస్తుందంటే లెక్క ఇలా ఉంటుంది. మైక్రోఅబ్రేషన్, బ్లీచింగ్‌కు రూ.15,000 అనుకుందాం. నాలుగు వెనీర్లు రూ.56,000. మొత్తం రూ.71,000. నెలకు రూ.8,000 చొప్పున ఆరు నెలల్లో మీ దగ్గర రూ.48,000 పోగవుతాయి. తగ్గే రూ.23,000కు ఆర్‌డీ ఉంది. మూడేళ్లు నిండకుండా దాన్ని మూయనివ్వరు, నిండాక మూసినా పొదుపు ఖాతా వడ్డీయే వస్తుంది. కానీ 12 వాయిదాలు ఆపకుండా కట్టి ఉంటే నిల్వలో సగం దాకా అప్పిస్తారు. మీకైతే సుమారు రూ.40,000. వడ్డీ ఆర్‌డీ రేటు కంటే 2 శాతం ఎక్కువ, అంటే 6.7 శాతం ఆర్‌డీకి 8.7 శాతం. తర్వాత నెలకు రూ.8,000 కడితే మూడు నెలల్లో తీరిపోతుంది, వడ్డీ రూ.500 కూడా దాటదు. ఖాతాలోని రూ.55,000 మాత్రం ముట్టొద్దు. అద్దె, ఖర్చులు, ఇంటికి పంపేది, ఆర్‌డీ కలిపితే అది రెండు నెలలకైనా చాలదు.

ఎనిమిదీ కావాల్సిందేనని రెండో డాక్టర్ కూడా అంటే, పెళ్లిలోగా కంపోజిట్ (పంటి రంగులో ఉండే రెజిన్ పూత) వేయించుకుని పింగాణీని రెండేళ్ల తర్వాతకు పెట్టుకోండి. కంపోజిట్ త్వరగా రంగు మారుతుంది, అంచులు పెచ్చులూడతాయి, అయిదారేళ్లకు మించి ఆశించొద్దు. కానీ ధర పింగాణీలో సగం లోపే ఉంటుంది, చాలా సందర్భాల్లో పన్నును అరగదీయాల్సిన పని ఉండదు.

డబ్బు కట్టేముందు కొటేషన్ కాగితం మీద తీసుకోండి. ఎన్ని పళ్లు, ఏ పింగాణీ, పన్ను ఎంత అరగదీస్తారు, తాత్కాలిక వెనీర్ల ఖర్చు, జీఎస్టీ అన్నీ అందులో ఉండాలి. వెనీర్ అని చెప్పి పన్ను చుట్టూ అరగదీసి క్యాప్ వేసే చోట్లూ ఉన్నాయి, కాబట్టి ‘ముందు వైపు మాత్రమే’ అన్న మాట రాయించండి. వారంటీ కార్డు సాధారణంగా ల్యాబ్‌ది. అది పింగాణీకి వర్తిస్తుంది, మళ్లీ అతికించే డాక్టర్ ఫీజుకు కాకపోవచ్చు. ఏడాదిలోపు ఊడితే ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోండి. సొమ్మును మూడు భాగాలుగా ఇవ్వండి: నమూనా చూసి ఒప్పుకున్నాక కొంత, పళ్లు అరగదీసిన రోజు కొంత, అతికించి అద్దంలో చూసుకున్నాక మిగతాది. అతికించే తేదీ పెళ్లికి నెల ముందైనా ఉండాలి. అంచు గుచ్చుకున్నా, చిగుళ్లు వాచినా సరిచేయడానికి ఆ సమయం కావాలి.

నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. వెనీర్లు పగలడానికి పెద్ద కారణం అదే. రాత్రి పెట్టుకునే గార్డుకు కొన్ని వేలు అవుతాయి, దాన్ని కూడా బడ్జెట్‌లో చేర్చండి. పోస్టాఫీసు అప్పు తీరిన నెల నుంచి రూ.600 ఈ పళ్ల కోసమే పక్కన పెట్టండి. 7 శాతం వడ్డీ వచ్చే చోట ఉంచితే 12 ఏళ్లకు రూ.1.3 లక్షలు దాటుతుంది. నాలుగు వెనీర్లు మార్పించే రోజున మళ్లీ ఏ రిసెప్షన్ బల్ల దగ్గరా ఓటీపీ చెప్పాల్సిన పని ఉండదు.