నగర తాళమా, తాళంచెవా?

సందేహం: ఏవేవో దేశాల నగరాలు అతిథులకు స్నేహసూచకంగా ఇచ్చే అలంకార తాళంచెవులను మా నాన్నగారు సేకరించేవారు. వాటికి చీటీలు రాస్తున్నాను. పత్రికల్లో 'నగర తాళం బహూకరించారు' అని కనిపిస్తోంది. అలా రాయవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: వద్దమ్మా. తాళం మూసేది, చెవి తెరిచేది. నగర తాళం ఇచ్చారంటే తలుపు మూసి అతిథిని బయట నిలబెట్టినట్టే! 'తాళాలు ఎక్కడ పెట్టావు?' అని ఇంట్లో అందరం అంటాం, మాటల్లో అది చెల్లుతుంది. అచ్చులో రాసేవారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించాలి.

అసలు ఈ మర్యాదకు మూలమే చెవి. కోటగోడలున్న కాలంలో ద్వారాల చెవులు ఎవరి చేతిలో ఉంటే ఊరు వారిది. 1347లో ఫ్రాన్సులోని కలే పట్టణం ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్‌కు లొంగినప్పుడు ఆరుగురు పౌరులు మెడలో ఉరితాళ్లతో వెళ్లి అప్పగించినవి అవే. స్కాట్లండు రాజధాని ఎడిన్‌బరోలో ఇప్పటికీ బ్రిటన్ రాజు వచ్చినప్పుడు నగర పెద్ద తాళంచెవులు అందిస్తాడు, రాజు వాటిని తిరిగి ఆయనకే అప్పగిస్తాడు. ఓడినవాడు ఇచ్చుకునే వస్తువు స్నేహితుడికిచ్చే కానుకగా మారడం ఎంత బాగుందో! ఇప్పుడా చెవికి ఏ తలుపూ తెరుచుకోదు, మీ బీరువాలో ఉన్నవీ అంతే.

ఇక నాకెంతో ఇష్టమైన మాట, కుంచిక. సంస్కృతంలో తాళంచెవికి ఇదే పేరు. వంగడం, ముడుచుకోవడం అనే అర్థమున్న 'కుంచ్' ధాతువు నుంచి వచ్చింది. ఆకుంచనం, మనం రోజూ వాడే కుంచించుకుపోవడం దీని చుట్టాలే. వెనకటి తాళంచెవులు కొన్ని కొక్కెంలా వంగి ఉండేవి, తలుపు సందులోంచి దూర్చి గడియను లాగేవారు. ఆ వంపే పేరైందని నా నమ్మకం. హిందీ కుంజీ కూడా ఈ ఇంటిదే. మరి 'చెవి' సంగతి? హిందీ చాబీ, తమిళ సావి పోర్చుగీసు 'చావె' నుంచి వచ్చాయంటారు. మన చెవీ ఆ దారినే వచ్చి, వినే చెవిలో కలిసిపోయి ఉండవచ్చు. గట్టిగా చెప్పలేను. తాళానికి లయ, తాటిచెట్టు అనే అర్థాలూ ఉన్నాయి, వాటితో మనకిప్పుడు పనిలేదు.

ఇంకో మాట. 'కీలకం' ఇంగ్లీషు కీ నుంచి పుట్టిందని కొందరు ధీమాగా చెబుతున్నారు, తప్పు. కీలమంటే మేకు, గడియ. నిఘంటువు తిరగేసే ఓపిక కూడా లేకపోతే ఎలా?

చీటీల మీద 'నగర తాళంచెవి' అని రాయండి, కింద ఊరి పేరు, ఇచ్చిన సంవత్సరం చేర్చండి. 'నగర కుంచిక' అంటే నాకు ముచ్చటే కానీ, చూసేవారికి ప్రతిసారీ అర్థం చెప్పాల్సి వస్తుంది. మీ ఇష్టం.