పాప అంతరిక్షం అంటోంది, మీరు అడ్వాన్సు అంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. కేంబ్రిడ్జి యూనివర్సిటీలో మన దేశం నుంచి వెళ్లిన శాస్త్రవేత్త వేరే గ్రహం మీద జీవం ఆనవాళ్లు కనిపెట్టారన్న వార్త చూసినప్పటి నుంచి అంతరిక్ష శాస్త్రవేత్త అవుతానంటోంది. సీఎస్‌ఈ చేసి తీరిక వేళల్లో టెలిస్కోపు చూసుకోమంటే ఏడ్చింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ స్పేస్ టెక్నాలజీ బీటెక్‌కి పాతిక వేలు అడ్వాన్సు కట్టమంటోంది. అది మంచిదా, ఇస్రో దారి మంచిదా, ఫిజిక్స్ మంచిదా?
- ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఆ వార్త సంగతి. మీరు చెప్పిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్. ఆయన బృందం 2025 ఏప్రిల్‌లో జీవం దొరికిందని చెప్పలేదండీ. 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కే2-18బీ అనే గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ లాంటి వాయువు జాడ కనిపించిందన్నారు. మన సముద్రాల్లో దాన్ని వదిలేది కంటికి కనపడని నాచు జీవులు. ఆ జాడ త్రీ సిగ్మా గట్టిది. సిగ్మా అంటే, కనిపించింది కాకతాళీయం కాదని ఎంత నమ్మొచ్చో చెప్పే కొలత. కనిపెట్టామని చెప్పుకోవాలంటే ఫైవ్ సిగ్మా ఉండాలి. తర్వాత అదే డేటాను మళ్లీ లెక్కగట్టిన వేరే బృందాలు అంత గట్టిగా ఏమీ లేదన్నాయి. మీ అమ్మాయి కోరుకుంటున్న ఉద్యోగం ఇదే. ఏళ్లు పనిచేసి ‘కావచ్చు’ అని రాయాలి, ఆ ‘కావచ్చు’ మీద నలుగురూ విరుచుకుపడితే ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఇది ఆమెకి చెప్పండి. మీకు చెప్పాల్సింది ఇంకోటి: మధుసూదన్ ఐఐటీ బీహెచ్‌యూలో బీటెక్ చేసి, తర్వాత ఎంఐటీలో పీహెచ్‌డీ చేశారు. ఇంజనీరింగ్‌లో చేరినంత మాత్రాన ఈ తలుపు మూసుకుపోదు.

మూడింటినీ పోల్చమన్నారు, సరే. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అది కాదు. ముప్పై ఏళ్లొచ్చినా పిల్ల చదువుతూనే ఉంటుందేమో, చేతిలో రూపాయి ఉండదేమో అన్నదే మీ బెంగ.

స్పేస్ టెక్నాలజీ అనే పేరున్న బ్రాంచి మీద నాకు నమ్మకం తక్కువ. చంద్రయాన్-3 దిగిన 2023 తర్వాత ఈ పేరుతో కోర్సులు బాగా పెరిగాయి. ఇస్రో కేంద్రీయ నియామక బోర్డు సైంటిస్ట్/ఇంజనీర్ పోస్టులకు ఎక్కువసార్లు పిలిచేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లనే. డిగ్రీ మీద వేరే పేరుంటే దరఖాస్తు దగ్గరే చిక్కు రావచ్చు. కాలేజీవాళ్లని మూడు అడగండి. గత బ్యాచ్ పిల్లలు ఎక్కడ చేరారు? ల్యాబులో ఉపగ్రహ భాగాలను కుదిపి చూసే వైబ్రేషన్ టేబుల్, శూన్యంలో వేడికీ చలికీ పరీక్షించే థర్మల్ వాక్యూమ్ చాంబర్ ఉన్నాయా, లేక రాకెట్ బొమ్మేనా? ఫిజిక్స్, మ్యాథ్స్ ఎన్ని సెమిస్టర్లు? మూడోదానికి తడబడితే లేచి వచ్చేయండి. నాసా చూపించి సర్టిఫికెట్ ఇప్పిస్తామనే ప్యాకేజీలకూ ఇదే మాట.

ఇస్రో ఇంజనీరు పని వేరు, వార్తల్లో కనిపించే యూనివర్సిటీ పరిశోధకుల పని వేరు. సూర్యుణ్ణి గమనించే ఆదిత్య-ఎల్1 ఉపగ్రహాన్నే చూడండి. ప్రయోగించింది ఇస్రో. కానీ అందులోని వీఈఎల్‌సీ పరికరం బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థది, ఎస్‌యూఐటీ పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ అయూకాది. వాటి డేటాతో కుస్తీ పట్టేవాళ్లలో ఎక్కువమంది ఫిజిక్స్ చదివినవాళ్లే. రాకెట్ చేయాలనుంటే బీటెక్. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో సీటు వస్తే సరే, రాకపోతే మంచి కాలేజీలో మామూలు ఈసీఈ చాలు. గ్రహాల గాలిలో ఏముందో తేల్చాలనుంటే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. లేదా మీ ఊళ్లోనే లయోలాలాంటి చోట బీఎస్సీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ. రెండోది అన్నిటికన్నా చవక. బంధువుల్లో గొప్పగా చెప్పుకోలేమని మనవాళ్లు దాన్ని వదిలేస్తుంటారు. పరీక్షల తేదీలు కాలేజీవాళ్లు చెబుతారు, వదిలేద్దాం.

ఇక ఏళ్లు, డబ్బు. డిగ్రీ ఐదేళ్లు, పీహెచ్‌డీ ఐదారు, ఆ తర్వాత తాత్కాలిక పరోశోధన ఉద్యోగం, అంటే పోస్ట్‌డాక్, మరో మూడునాలుగు. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది, దాచను. కానీ ఫీజులు మీరు కట్టేది మొదటి ఐదేళ్లే. అప్పుడు కూడా సైన్సు చదివేవాళ్లకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వస్తే ఏడాదికి 80,000. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. మధ్యలో వద్దనుకుంటే పైథాన్, స్టాటిస్టిక్స్ చేతిలో ఉంటాయి కాబట్టి డేటా సైన్స్‌లోకి దూకొచ్చు. మీరు బలవంతంగా ఎక్కించాలనుకుంటున్న బండి అదే కదా.

సెలవుల్లో ఒక పరీక్ష పెట్టండి, ఖర్చు సున్నా. బ్రౌజర్‌లోనే పైథాన్ ప్రోగ్రాములు నడిపే గూగుల్ కోలాబ్‌లో లైట్‌కర్వ్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీ పెట్టుకుని, వేరే నక్షత్రాల గ్రహాల్ని వెతికే నాసా టెస్ ఉపగ్రహం వాస్ప్-18 నక్షత్రాన్ని చూసిన ఒక సెక్టారు, అంటే సుమారు 27 రోజుల పాటు రెండు నిమిషాలకో కొలత చొప్పున ఉన్న డేటా, దించుకోమనండి. దాని గ్రహం 0.94 రోజుకోసారి నక్షత్రం ముందు నుంచి వెళ్తుంది. వెళ్లిన ప్రతిసారీ వెలుగు సుమారు ఒక శాతం తగ్గుతుంది. ఇక్కడ అందరూ ఒకచోట పడతారు. వెలుగు గీతను చదును చేసే ఫ్లాటెన్ కమాండ్ ఒక్కోసారి చూసే నిడివి, అంటే విండో, మామూలుగా 101 పాయింట్లు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. గ్రహం దాటడానికి పట్టేది సుమారు రెండు గంటలు. దాంతో కమాండ్ గ్రహం అడ్డొచ్చినప్పుడు గీతలో పడే గుంటను కూడా కొంత పూడ్చేస్తుంది. 901 పెడితే గుంట సరిగ్గా నిలుస్తుంది. సెక్టారు మధ్యలో ఖాళీ కనిపిస్తే కంగారుపడొద్దనండి, ఉపగ్రహం డేటా కిందికి పంపే సమయం అది. రెండు వారాల తర్వాత గుంట ఎందుకు తగ్గిందని ఆమె మిమ్మల్ని విసిగిస్తే, ఫిజిక్స్‌కి పంపండి. గ్రహాల బొమ్మలు చూసి మురిసిపోయి ఊరుకుంటే సీఎస్‌ఈ మాట మళ్లీ ఎత్తొచ్చు, ఈసారి ఏడవదు.

చివరగా కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. పదిహేడేళ్ల పిల్ల మొదటిసారి తనంతట తాను ఒకటి కోరితే ‘తీరిక వేళల్లో చూసుకో’ అన్నారు. ముక్కూమొహం తెలియని కాలేజీ ఫోన్ చేస్తే మాత్రం పాతిక వేలు తీయబోయారు. ఆ అడ్వాన్సు కట్టకండి. ఐసర్, జామ్ కాగితాలు ముందేసుకుని ఈ ఆదివారం ఆమెతో ఒక గంట కూర్చోండి.