పీఠాధిపతుల ‘శ్రీముఖం’ అంటే ఏమిటి?

పాత తెలుగు ఆధ్యాత్మిక పుస్తకాల మొదటి పేజీల్లో ‘శ్రీముఖం’ అన్న శీర్షిక కనిపిస్తుంది. దాని అర్థమేమిటో చూద్దాం. పీఠాధిపతి లాంఛనంగా పంపే ఆశీర్వాద పత్రం, లేదా ఆదేశ పత్రం అది. స్వామివారి నోటి మాటతో సమానమని ఆ పేరు. (అరవై సంవత్సరాల్లోని శ్రీముఖ నామ సంవత్సరం వేరే సంగతి.)

దాన్ని చూడగానే గుర్తుపట్టొచ్చు. ‘శ్రీమత్పరమహంస పరివ్రాజకాచార్యవర్య’ అంటూ బిరుదులు వరసగా సాగుతాయి, అసలు విషయం ఆ తర్వాతే. అద్వైత పీఠాల్లో చాలాచోట్ల నారాయణ స్మరణతో ముగిస్తారు. నమస్కరించిన వారిని సన్యాసులు ‘నారాయణ’ అనే దీవిస్తారు కదా, అదే ఇక్కడా.

మఠాలకూ రాజులకూ మధ్య కూడా ఉత్తరాలు నడిచేవి. 1791లో మరాఠా సైన్యంతో వచ్చినవాళ్లు కర్ణాటకలోని అద్వైత పీఠమైన శృంగేరి మఠాన్ని దోచుకున్నారు. అప్పుడు మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ ఆ మఠం స్వామివారిని జగద్గురువుగా గౌరవిస్తూ కన్నడంలో ఉత్తరాలు రాశాడు, శారదాంబ విగ్రహ పునఃప్రతిష్ఠకు సాయం చేయమని అధికారులకు చెప్పాడు. దాదాపు ముప్పై ఉత్తరాలు 1916లో మఠంలోనే బయటపడ్డాయి. మఠం వాటిని అంతకాలం దాచి ఉంచబట్టే ఈ చరిత్ర మనకు దక్కింది.