ప్లాన్‌ను కంప్యూటర్ చదవాలంటే

గాజువాక నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడు. వేర్వేరు చోట్ల ఉన్న మిలిటరీ కమాండ్ సెంటర్లు ఒకే ప్లాన్‌ను కంప్యూటర్ల ద్వారా పంచుకుంటాయట, ఆ సాఫ్ట్‌వేర్ మీదే పని చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? క్యాంపస్ ప్లేస్‌మెంట్ వదిలేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది."

అమ్మా, ఉన్నాయి. ప్లేస్‌మెంట్ మాత్రం వదలొద్దని చెప్పండి.

ముందు ఆ పనేమిటో చూడండి. "తెల్లారేసరికి వంతెన దగ్గరికి చేరాలి" అని రాస్తే మనిషికి అర్థమవుతుంది, కంప్యూటర్‌కు కాదు. ఎవరు చేరాలి? ఏ వంతెన? ఎక్కడ తెల్లారాలి? విశాఖలో ఉదయం 5:30 అయినప్పుడు సైన్యాలు వాడే జూలూ సమయంలో అర్ధరాత్రి పన్నెండే. ఆ ఒక్కటి పొరపడితే రెండు దళాలు ఐదున్నర గంటల తేడాతో చేరతాయి. అందుకే ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అనేవాటిని విడివిడి గడుల్లో నింపే బ్యాటిల్ మేనేజ్‌మెంట్ లాంగ్వేజ్ వచ్చింది. ఆ దారిలోనే కమాండ్ సెంటర్ల కంప్యూటర్లు, సిమ్యులేటర్లు ప్లాన్లను, ఆదేశాలను ఒకే రూపంలో పంచుకునేందుకు 2020లో సీ2సిమ్ అనే ప్రమాణం వెలువడింది. కాబట్టి మీ అమ్మాయి కొత్త ప్రోగ్రామింగ్ భాషల వెంట పడనక్కర్లేదు. డేటా మోడలింగ్, ఎక్స్‌ఎంఎల్ స్కీమా, డేటాబేస్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ గట్టిగా పట్టుకోవాలి.

ఇందులో అసలు కష్టం సెంటర్ల మధ్య లింకు తెగినప్పుడు మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్లో ఫోన్లు మూగబోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ప్రాజెక్టుగా తుపాను సహాయ ప్లాన్ తీసుకోమనండి. మూడు ల్యాప్‌టాప్‌లలో ఒకే ప్లాన్ పెట్టి, ఒకదానికి వైఫై ఆపేసి, మూడింటిలోనూ ఒకే లారీని వేర్వేరు చోట్లకు పంపమనండి. వైఫై మళ్లీ వచ్చాక ఎవరి మాట చెల్లాలి? దానికి ఆ పిల్ల రాసుకునే జవాబు ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఉద్యోగాల సంగతికొస్తే, విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరి ఎన్‌ఎస్‌టీఎల్ ప్రధానంగా టార్పెడోల వంటి నీటి అడుగు ఆయుధాల ల్యాబ్. తను కోరే పనికి దగ్గరిది బెంగళూరులోని డీఆర్‌డీఓ ల్యాబ్ కెయిర్. డీఆర్‌డీఓ సైంటిస్ట్ 'బి' నియామకాలకు గేట్ స్కోరు, ఇంటర్వ్యూ చూస్తారు. మూడో ఏడు విద్యార్థులూ గేట్ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. భారత్ ఎలక్ట్రానిక్స్ మరో దారి. యూనిఫాం ఇష్టమైతే నేవీ షార్ట్ సర్వీస్ ఐటీ ఎంట్రీ అమ్మాయిలకూ ఉంది.

ఈ నియామకాలు నెలల తరబడి సాగుతాయి. అందుకే ప్లేస్‌మెంట్ వదలొద్దన్నాను. డేటాబేస్ మీద చేసిన ఏడాది ఉద్యోగం ఇక్కడ వృథా పోదు.

ఇంకొకటి. మన వీధుల్లో నేవీ కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రాజెక్టు కోసం పక్కింటి అధికారిని అసలు ప్లాన్లు ఎలా ఉంటాయని అడగొద్దని చెప్పండి. బయటికి విడుదలైన ప్రమాణాలు చదివితే తన ప్రాజెక్టుకు చాలు.