పెరటి జిమ్‌కి తక్కువ ఖర్చులో నీడ

ప్రశ్న: పెరట్లో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న చోట బార్‌బెల్, బెంచీ పెట్టుకున్నాను. పొద్దెక్కితే బార్ కాలిపోతోంది, పట్టుకోలేను. తక్కువ ఖర్చులో నీడ ఎలా వేయాలి?

జవాబు: 75 శాతం నీడనిచ్చే, ఎండలోని యూవీ కిరణాలను తట్టుకునే షేడ్ నెట్ (నీడ వల) సరిపోతుంది. 90 శాతం నెట్ గాలిని మరీ ఆపుతుంది, స్తంభాలను లాగేస్తుంది. ఇలాంటి పందిళ్లకు ఎండకన్నా గాలితోనే ముప్పు ఎక్కువ. అందుకే పునాది దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

ముందు ఎత్తు తేల్చుకోండి. చేతులు పూర్తిగా పైకి చాచి బార్ పట్టుకుని, నేల నుంచి బార్ దాకా కొలిపించండి. దానికి బార్‌కి తొడిగే పెద్ద బరువు ప్లేటు వ్యాసంలో సగం, అంటే 9 అంగుళాలు, నెట్ జారడానికి మరో అడుగు కలపండి. చాలామందికి 9 అడుగులు వస్తుంది.

2 అంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు, 11 అడుగులవి నాలుగు కావాలి. అడుగు చదరం, 2 అడుగుల లోతు గోతుల్లో నిలిపి సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు గునపంతో కూరుతూ పోయండి. నాలుగు గోతులకూ ఒకటిన్నర బస్తా సిమెంటు పడుతుంది. కాంక్రీటు నేలకన్నా 2 అంగుళాలు పైకి, బయటికి వాలుగా రావాలి. లేకపోతే పైపు మొదట్లో నీళ్లు నిలిచి, అక్కడే తుప్పు తినేస్తుంది. వారం తడిపాకే పై చట్రం బిగించండి. దానికి ఒకటిన్నర అంగుళం పైపు, నడిమి దూలంతో కలిపి 54 అడుగులు కావాలి. ప్రతి మూలకూ రెండేసి ఏటవాలు ఊతాలు వేయండి. ఇవి లేకపోతే చట్రం ఊగుతుంది.

నెట్‌ని చట్రం కన్నా ప్రతి పక్కా 3 అంగుళాలు తక్కువగా కత్తిరించి, అంచు మడిచి, బెల్టు పెట్టి కుట్టించండి. అడుగున్నరకొకటి చొప్పున 28 ఐలెట్లు (తాడు దూర్చే లోహపు రింగులు) వస్తాయి. వాటిలోంచి ఒకే తాడు పైపు చుట్టూ తిప్పుతూ లాగి కట్టండి. బైండింగ్ వైరు వద్దు. గాలికి నెట్ కదిలిన ప్రతిసారీ అది దారాలను కోస్తుంది. నెట్ నడిమి దూలాన్ని తాకే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టండి. కాలిన పైపు తగిలే చోటే నెట్ ముందుగా పెళుసవుతుంది.

సాయంత్రం చేసేవాళ్లు ఒకటి గమనించాలి. సూర్యుడు 45 డిగ్రీలకు దిగేసరికి 9 అడుగుల ఎత్తున్న నెట్ నీడ 9 అడుగులు తూర్పుకు జరిగిపోతుంది. పడమటి వైపు ఇంకో నెట్ తెరలా దించండి. కింద 3 అడుగులు వదిలితే గాలి ఆడుతుంది.

పంచింగ్ బ్యాగ్ ఈ చట్రానికి వేలాడదీయకండి. ఆ ఊపుకు ఈ పునాది చాలదు.

ప్రశ్న: నెట్ బదులు టార్పాలిన్ కప్పితే వాననూ ఆపుతుంది కదా?

జవాబు: చదునుగా కప్పితే నీళ్లు మధ్యలో గుంటకడతాయి. 3 అడుగుల చదరంలో సగటున 4 అంగుళాల నీళ్లు నిలిస్తే బరువు సుమారు 85 కిలోలు. పైగా అది గాలికి తెరచాపలా పనిచేస్తుంది. వాన ఆగాలంటే 10 అడుగులకు ఒక అడుగు వాలుతో రేకులే వేయాలి, పునాదీ పెంచాలి. నెట్ కిందే చేసుకునేవాళ్లు బార్‌నీ ప్లేట్లనీ మూతపెట్టెలో దాచుకోవాలి.